ఎక్బెర్ట్ నడినెత్తి

ఒక కర్ర కోసం గెర్లిందా తన మొగుణ్ణి నలభై రోజులు ఉప్పులో ఊరబెట్టుకోవాల్సి వచ్చింది.

కర్ర అంటే వజ్రాలు పొదిగిందేదో అనుకునేరు. మామూలు చెక్క కర్ర. పైన వంకీ, వంకీకి కాస్త వెండి తొడుగు. మా హోల్మ్‌బాఖ్ మఠానికి కొత్త మఠాధిపతి వచ్చినప్పుడల్లా ఆ కర్ర ఆయన చేతికి అందించాలి. అందించే చెయ్యి ఎవరిదన్నదే తగువు. మఠం పొలాలు మా తాతలిచ్చినవి, కాబట్టి కర్ర నేనే ఇస్తానన్నాడు దొర. మఠంలో ఆత్మలు నావి, కాబట్టి కర్ర నేనే ఇవ్వాలన్నాడు బిషప్పు. ఓ మంగళవారం పొద్దున్నే, బిషప్పు ఇంకా పక్క దిగకముందే, దొర కర్ర ఇచ్చేశాడు. ఇచ్చినవాడు బాగానే ఉన్నాడు, పుచ్చుకున్నవాడూ బాగానే ఉన్నాడు. వెలి మాత్రం మా ఊరికి పడింది.

బిషప్పు మనుషులు వచ్చి చర్చి తలుపులకు అడ్డంగా ముళ్ళకంప కొట్టారు. గంట నాలుకకు గోనెగుడ్డ చుట్టి కట్టేశారు. పూజ లేదు. పెళ్ళి లేదు. చర్చి దొడ్లో, పవిత్రం చేసిన మట్టిలో, శవానికి చోటు లేదు. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం, పోయేవాడికి పాపాలు చెప్పుకునే వీలు, ఈ రెండే దయతో మిగిల్చారు. అంటే ఊళ్ళోకి రావచ్చు, లోకం నుంచి పోవచ్చు. మధ్యలో బతకడం, చివర్న పడుకోవడం మాత్రం కుదరదు.

దొర చేతులు కట్టుకుని కూర్చుంటాడా? మర్నాడే చాటింపు వేయించాడు. చర్చి మూశారు కాబట్టి ప్రతి చర్చి మనిషి ఇల్లూ, గొడ్డూ గోదా ఇకనుంచి దొరవే. చర్చి మనిషంటే ఎవరో కూడా చాటింపులోనే చెప్పారు. నడినెత్తిన అరచేయంత మేర గొరిగించుకున్నవాడు ఎవడైనా, పూజ చేసే ఫాదరు మొదలుకొని తలుపు తీసేవాడి దాకా, చర్చి మనిషే. ఆ వారమంతా మా ఊళ్ళో నెత్తిన టోపీ లేకుండా ఒక్క చర్చి మనిషీ బయట కనిపించలేదు.

శవాలకు ఈ తగువు సంగతి తెలియదు కదా, అవి వాటి మానాన వస్తూనే ఉన్నాయి. పిండిమర ఆయన తన తల్లిని ఏటి ఒడ్డున లిండెన్ చెట్టు తొర్రలో నిలబెట్టి, మీద పలక కొట్టాడు. తోళ్ళు శుద్ధి చేసే రైన్‌వార్డ్ తన నాన్న శవపెట్టెను చర్చి దొడ్డి గోడ మీదికెక్కించి తాళ్ళతో కట్టాడు. మట్టిలో పెట్టొద్దన్నారు గాని గోడ మీద పెట్టొద్దనలేదుగా అన్నాడు. ఆ గోడ కింద నడిచే జనం అటు చూడకుండా, ముక్కు మూసుకుని, శిలువ గుర్తు వేసుకుంటూ పోయేవాళ్ళు.

ఇక గెర్లిందా సంగతి. ఆమె బీరు కాచేది. వాళ్ళమ్మా కాచేది, అమ్మమ్మా కాచేది. వీధి చివరింట్లో పుట్టి, అదే వీధి మధ్యింటికి కాపురానికి వచ్చింది. ఆమె జన్మలో చేసిన దూర ప్రయాణం అదే. మనిషి పొట్టి, గట్టి. గరిటె ఎత్తితే పెద్ద పెద్ద తాగుబోతులు కూడా లేచి, తాగిన కుండ కడిగి బోర్లించి పోయేవాళ్ళు. పద్దెనిమిదో ఏట చర్చి గుమ్మంలో, ఫాదరు ఎత్సో చేతుల మీదుగా, పీపాలు చేసే ఎక్బెర్ట్‌ను పెళ్ళి చేసుకుంది. ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ ఒకే చలికాలంలో, గొంతు వాచే జబ్బుతో, పన్నెండు రోజుల్లో పోయారు.

వాళ్ళను చర్చి దొడ్లో దక్షిణం గోడ వార పెట్టారు. వాళ్ళ పక్కన ఇద్దరికి సరిపోయే చోటు వదిలారు. ఆ చోటు గెర్లిందాకు ఆస్తి. ప్రతి ఆదివారం పూజ అయ్యాక అక్కడ కూర్చుని పిల్లలకు ఆ వారం సంగతులన్నీ చెప్పేది. బీరు ఎలా పొంగిందీ, పిల్లి ఎన్ని పెట్టిందీ, వాళ్ళ నాన్న ఎవరితో పోట్లాడిందీ. ఎక్బెర్ట్ వెనక నిలబడి, అది అబద్ధంరా, నేను పోట్లాడలేదు, వాడే మొదలెట్టాడు అని సరిదిద్దేవాడు. ఆఖరు రోజున బూర ఊదితే అందరూ ఎక్కడ పడుకున్నారో అక్కణ్ణుంచే లేస్తారని ఫాదరు చెప్పింది ఆమె గట్టిగా నమ్మింది. లేచేసరికి చంటిదానికి పక్కన అమ్మ కనపడాలి. ఆమె దేవుణ్ణి అడిగింది అంతే.

ఎక్బెర్ట్ మంచి పనివాడు. అంతకంటే మంచి వాగుడుకాయ. వాడి చిన్నతనంలో తండ్రి వాణ్ణి మఠంలో వదిలేశాడు. అక్కడ నడినెత్తి గొరిగి, నాలుగు ప్రార్థనలు నేర్పారు. పదకొండు నెలలకు గోడ దూకి పారిపోయొచ్చాడు. ఎందుకొచ్చేశావంటే పెళ్ళాం ఎదుట నీ కోసమేనే అనేవాడు. ఆమె లేనప్పుడు, రోజూ బఠాణీ జావేరా, మనిషన్నవాడు తాగేదేనా అది అనేవాడు. జుట్టు మళ్ళీ మొలిచింది, నలభై దాటాక మళ్ళీ ఊడింది, ఊరు ఆ మఠం సంగతే మర్చిపోయింది.

వెలి పడ్డాక మా ఊళ్ళో ప్రతివాడూ న్యాయశాస్త్రం చదివినట్టే మాట్లాడాడు. ఎక్బెర్ట్ అందరికంటే ఎక్కువ మాట్లాడాడు. పొద్దున బిషప్పు పక్షం, సాయంత్రం దొర పక్షం. ఎదుటివాడు ఏ పక్షమైతే వీడు రెండోది. ఓ మధ్యాహ్నం గెర్లిందా బీరు గదిలో, దొర కర్ర ఎలా అందించాడో చూపిస్తానని పీపా ఎక్కాడు. చేతిలో ఆమె గరిటె. ఒంగి అందించబోయాడు. పీపా మూత ఫట్‌మంది. తలకాయ పొయ్యిగట్టుకు తగిలింది. పీపా వాడు చేసింది కాదు, పక్క ఊరిది, ఆ మాట వాడి గౌరవం కోసం చెబుతున్నాను.

రెండు రోజులు బతికాడు. ఫాదరు ఎత్సో వచ్చి పాపాలు చెప్పించుకున్నాడు. అవి అయ్యేసరికి దీపంలో నూనె అయిపోయింది. ఆ తర్వాత ఎక్బెర్ట్ పెళ్ళాన్ని పిలిచాడు.

"ఏమేవ్, నన్ను చెట్టు తొర్రలో పెట్టించకే. నాకు చీమలంటే పడదు. పిల్లల పక్కన పెట్టు."

"అలాగేలేవయ్యా."

"మాటిచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే. ఇక పడుకో."

పడుకున్నాడు.

చలికాలం మొదట్లో వచ్చే మార్టిన్ పండగ ముందు, పందిని కోసి ఉప్పేసే రోజులవి. ఇంట్లో ఉప్పుంది. ఎక్బెర్ట్ చేసిన పీపాల్లోకెల్లా పెద్దది, చుక్క కారనిది, ఒకటుంది. గెర్లిందా ఏడుస్తూనే మొగుణ్ణి మోకాళ్ళు మడిచి అందులో కూర్చోబెట్టి, భుజాల దాకా, చెవుల దాకా, పైదాకా ఉప్పు పోసి మూత బిగించింది. ఆ ఏడు పంది బతికిపోయింది. పీపాను బీరు గది మూలన, మిగతా పీపాల పక్కనే పెట్టింది. తాగడానికొచ్చినవాళ్ళు మొదట్లో అటు వీపు తిప్పి కూర్చున్నారు. వారం తిరిగేసరికి దాని మీద కుండలు పెట్టడం మొదలెట్టారు. మీ ఆయన ఎలా ఉన్నాడని ఒకడు వెక్కిరిస్తే, ఎప్పుడూ లేనంత నిమ్మళంగా ఉన్నాడు, నువ్వూ నేర్చుకో అంది. అని, పెరట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఫాదరు ఎత్సో దగ్గరికి మూడుసార్లు వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు, పిరికివాడు. వంటమనిషని చెప్పుకునే ఒకావిడా, మేనల్లుళ్ళని చెప్పుకునే ముగ్గురు పిల్లలూ ఆ ఇంట్లో ఉన్నారు. అందువల్ల బిషప్పు అన్నా భయమే, ఇంకా ఆ గడప తొక్కని దొర మనుషులన్నా భయమే. మొదటిసారి వీల్లేదన్నాడు. రెండోసారి తలుపు తీయలేదు. మూడోసారి గెర్లిందా గుమ్మంలో చతికిలబడి కదలనంటే, విసుగులో నోరు జారాడు. బిషప్పు ఉత్తర్వులో ఒక్కటే సడలింపు ఉందట. చర్చి మనిషి చస్తే మాత్రం గంట లేకుండా, పాట లేకుండా, చర్చి దొడ్లో పెట్టొచ్చట. నీ మొగుడు పీపాలు చేసుకునేవాడు కదమ్మా, నేనేం చేసేది అన్నాడు.

గెర్లిందా దారంతా ఆ మాటే నములుకుంటూ ఇంటికొచ్చింది. వచ్చి పక్కింటి మంత్రసాని హజేకాను కేకేసింది. పీపా మూత తీసి, ఎక్బెర్ట్ తల బయటికొచ్చేదాకా ఉప్పు తోడింది. కూరగాయల కత్తి సానరాయి మీద నూరింది.

హజేకా రెండు చేతులతో తల పట్టుకుంది. "తలలు పట్టుకోవడం నా పనే వదినా. కాకపోతే ఇటు చివర్నుంచి ఎప్పుడూ పట్టుకోలేదు."

"కదలకుండా పట్టుకో."

"నేనా, ఆయనా?"

నడినెత్తిన ఎలాగూ పెద్దగా ఏమీ లేదు. సగం పని దేవుడే చేసి పెట్టాడు. చుట్టూ చిందరవందరగా ఉన్న అంచుల్ని గుండ్రంగా తీర్చి, మధ్యలో మొండికేసిన నాలుగు వెంట్రుకలు గీకేస్తే, ఎక్బెర్ట్ అచ్చం మఠంలోంచి ఇప్పుడే వచ్చినవాడిలా తయారయ్యాడు. ముఖంలో భక్తి కూడా కనిపించింది, ఉప్పు వల్ల కాబోలు.

కబురు పంపితే ఫాదరు ఎత్సో వచ్చి పీపాలోకి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు మఠంలో గొరిగినది నిజమేనా అని అడిగాడు. నిజమే, గొరిగిన స్వాములు పోయారు గాని మఠం పుస్తకంలో ఉంటుంది చూసుకోమంది గెర్లిందా.

"కానీ ఇది నిన్నో మొన్నో గొరిగినట్టుందమ్మా."

"చచ్చినోడికి జుట్టు పెరగదు కదండీ ఫాదరుగారూ. అందుకే నున్నగా ఉంది."

ఎత్సోకు సంగతి తెలుసు. తనకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఆ పన్నెండు రోజుల్లో మూడు చిన్న పెట్టెల మీద మట్టి వేసింది ఆయనే. ఇంటికి పోయి చర్చి పుస్తకంలో, చర్చి మనిషి ఎక్బెర్ట్ అని రాశాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, గంట లేకుండా, పాట లేకుండా, దక్షిణం గోడ వార ఎక్బెర్ట్‌ను పెట్టారు. చంటిదాని పక్కన. గెర్లిందా మట్టిని అరచేతుల్తో సర్దింది. నలభై రోజుల్లో మొదటిసారి ఆమె ఇంటికి పోయి కడుపునిండా తింది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆగనివ్వలేదు రైన్‌వార్డ్. వాడి నాన్న ఇంకా గోడ మీదే ఉన్నాడు, వానకు తడుస్తూ. ఆ గోడ కిందే ఎక్బెర్ట్‌కు మెత్తటి చోటు దొరికింది. కడుపు మండదా? నేరుగా దొర దివాను వోల్కర్ దగ్గరికి పోయి, పీపాలవాడికి మట్టి దొరికి మా నాన్నకు గాలి ఎందుకు దొరికిందని అడిగాడు. వోల్కర్ మనిషిని పంపి చర్చి పుస్తకం తెప్పించుకున్నాడు. చర్చి మనిషి ఎక్బెర్ట్ అని చదివించుకుని, చేతులు రుద్దుకున్నాడు.

రెండో రోజుకు ఆ మాట బిషప్పు ప్రతినిధి మెగిన్‌హార్డ్ చెవిన కూడా పడింది. పంచాయితీ పెట్టాలి. చర్చికి ముళ్ళకంప ఉంది. దొర కోటలో మెగిన్‌హార్డ్ అడుగు పెట్టడు. బిషప్పు బసలో వోల్కర్ అడుగు పెట్టడు. ఇద్దరికీ ఒప్పుదలైన చోటు ఊరు మొత్తం మీద ఒక్కటే దొరికింది, గెర్లిందా బీరు గది. ఆ తగువు మొదలయ్యాక బిషప్పు మనిషీ దొర మనిషీ ఒకే బల్ల మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఇద్దరూ ఆమె బీరే తాగారు. బాగుందన్న విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట.

ఫాదరు ఎత్సోను కూడా పిలిపించారు. ఆయన మూలన, పీపా ఉండిన చోట, నిలబడ్డాడు. ఊరు కిటికీల నిండా ఉంది.

వోల్కర్ మూతి తుడుచుకుని మొదలెట్టాడు. నీ మొగుడు చర్చి మనిషని చర్చే రాసింది, కాబట్టి దొరగారి చాటింపు ప్రకారం ఈ ఇల్లూ, ఈ కాగూ, ఈ పీపాలూ దొరగారివి అన్నాడు. గెర్లిందా పోయబోతున్న కుండ పక్కన పెట్టింది. అబ్బే, చర్చి మనిషేమిటి బాబూ, పీపాలు చేసుకునేవాడు, ఊరందర్నీ అడగండంది.

మెగిన్‌హార్డ్ కుండ కింద పెట్టాడు. సన్నటి గొంతు, సన్నటి చేతులు. "పీపాలవాడైతే బిషప్పుగారి ఆజ్ఞ మీరి పవిత్రమైన మట్టిలో పెట్టించావన్నమాట. తవ్వి తీయిస్తాం. చచ్చిన గుర్రాల్ని పడేసే గుంట ఉంది కదా, అందులో వేయిస్తాం."

గుర్రాల గుంట ఎక్కడుందో గెర్లిందాకు తెలుసు. వేసవిలో అటువైపు గాలి వీస్తే ఆమె బీరు గది తలుపులు మూసేది.

"అయితే చర్చి మనిషే" అంది.

వోల్కర్ సంతోషంగా ఇంకో కుండ పోయించుకున్నాడు. కానీ మెగిన్‌హార్డ్ ఇంకా అయిపోలేదన్నట్టు వేలెత్తాడు. చర్చి మనిషికి పెళ్ళాం ఉండదు, అది బిషప్పుగారి కొత్త కట్టడి అన్నాడు. మరి నువ్వు ఎవరివని అడిగాడు.

"పెళ్ళాన్ని. పందొమ్మిదేళ్ళుగా. ఆ చర్చి గుమ్మంలోనే, ఈ ఫాదరుగారే చేశారు పెళ్ళి."

"చర్చి మనిషికి పెళ్ళి జరగదు. జరగని పెళ్ళి ఎవరు చేస్తారు? ఏం ఫాదర్, చేశావా?"

ఫాదరు ఎత్సో నేల చూశాడు. గెర్లిందా ఆయన వంక చూసింది. కిటికీల్లో ఉన్న ఊరంతా ఆయన వంక చూసింది. ఆ ఊరంతా ఆ పెళ్ళిలో తిని తాగిన ఊరే, ఒక్కడూ నోరు విప్పలేదు. ఎత్సోకు ఇంట్లో వంటమనిషి గుర్తొచ్చి ఉంటుంది, మేనల్లుళ్ళు గుర్తొచ్చి ఉంటారు. నాకు సరిగ్గా జ్ఞాపకం లేదండీ అన్నాడు. చర్చి మనుషులకు జ్ఞాపకశక్తి ఎప్పుడు పోవాలో అప్పుడే పోతుంది, అది మాత్రం దేవుడిచ్చిన వరమే.

"అయితే నువ్వు ఉంపుడుగత్తెవి" అన్నాడు మెగిన్‌హార్డ్, అందులో పెద్ద విశేషమేమీ లేనట్టు.

కిటికీ దగ్గర ఎవరో నవ్వారు. హజేకా వాడి కాలు తొక్కింది.

గెర్లిందా, సంతలో గింజల బేరం ఆడినట్టు, నెమ్మదిగా ఒక్కొక్కటీ అడిగింది.

"ఇల్లు పోతుందంటారు."

"పోతుంది" అన్నాడు వోల్కర్.

"పరువూ పోతుందంటారు."

"అది ముందే పోయింది" అన్నాడు మెగిన్‌హార్డ్.

"మావాడు మాత్రం మట్టిలోనే ఉంటాడు. ఎవరూ తవ్వరు. ఇద్దరూ కలిసి రాసిస్తారు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ విషయంలో ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. రాయించారు. గెర్లిందాకు అక్షరం రాదు. తాను ఎక్బెర్ట్ అనే చర్చి మనిషికి ఉంపుడుగత్తెనని ఒప్పుకుంటున్నట్టు కింద శిలువ గీత గీసింది. ఇల్లు లేకపోతే బీరు కాచుకోలేనా, పేరు లేకపోతే చచ్చిపోతానా, పిల్లల పక్కన వాళ్ళ నాన్న ఉన్నాడు, నా చోటు నాకుంది అనుకుంది.

మెగిన్‌హార్డ్ సిరా ఆరేదాకా ఊదాడు. అప్పుడు మిగిలిన ఒక్క ముక్కా చదివాడు. చర్చి మనుషుల ఉంపుడుగత్తెలకు చర్చి దొడ్లో చోటు లేదు, చచ్చాక గోడ అవతలే.

ఆమె ఆ పత్రం అందుకోబోయింది. "ముందే చెప్పలేదేం బాబూ?"

"నువ్వు అడగలేదుగా" అన్నాడు మెగిన్‌హార్డ్. లేచి, కుండలో అడుగున ఉన్నది కూడా తాగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంకాలమే ఇంటికి దొర ముద్ర పడింది. గెర్లిందా కట్టుబట్టలతో, తన గరిటెతో, హజేకా ఇంటి వెనక కొట్టంలోకి మారింది. నిన్నటిదాకా అరువు బీరు తాగినవాళ్ళే ఇప్పుడు వీధిలో, ఏం అయ్యగారి అమ్మగారూ, ఇవాళ పూజ ఎన్నింటికి అని అడిగేవాళ్ళు. మీ పాపాలు చెప్పుకోవడానికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది, కూర్చోండి అనేది ఆమె. ఎంత తిరగ్గొట్టినా, పొద్దుగూకాక కొట్టంలో హజేకా ఒడిలో తల పెట్టుకుని, ఆ చంటిది లేచి నన్ను వెతుక్కుంటుందే వదినా అని గొల్లుమనేది. హజేకా దొరనూ బిషప్పునూ కలిపి తిట్టేది. చాలా బాగా తిట్టేది, నేను రాయలేను.

నాలుగు నెలలకు దొరా బిషప్పూ రాజీ పడ్డారు. ఎలా పడ్డారనుకున్నారు? కర్ర పైభాగం బిషప్పు పట్టుకుంటాడు, కిందిభాగం దొర పట్టుకుంటాడు, మఠాధిపతి మధ్యలో పుచ్చుకుంటాడు. ఇంతే. దీనికోసం తొమ్మిది నెలలు మా ఊళ్ళో ఒక్క పెళ్ళి జరగలేదు. ముళ్ళకంప తీశారు, గంట మూడు రోజులు మోగింది. పిండిమర ఆయన తల్లిని చెట్టు తొర్రలోంచి, రైన్‌వార్డ్ నాన్నను గోడ మీంచి దింపి, పాటలతో, కొవ్వొత్తులతో, సాంబ్రాణితో చర్చి దొడ్లో పెట్టారు. ఓపిగ్గా కూర్చున్న ప్రతి శవానికీ అన్ని మర్యాదలూ జరిగాయి. రాజీ విందుకు బీరు కాచింది గెర్లిందా కాగులోనే, కాచింది మాత్రం దివాను మనుషులు. పుల్లగా ఉందని అందరూ అన్నారు.

ఆ మూడో రోజు గెర్లిందా చర్చి దొడ్డి గేటు దగ్గర ఎత్సోను పట్టుకుంది. వెలి పోయింది కదా, ఇప్పుడు ఆ పుస్తకంలో దిద్దండి, మా ఆయన పీపాలు చేసేవాడు, నేను ఆయన పెళ్ళాన్ని, ఇప్పుడిక ఎవరికీ నష్టం లేదు కదా అంది. ఎత్సో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన కళ్ళకు అది తేలికే. రాజీ పత్రంలో ఒక షరతుందమ్మా, తగువు రోజుల్లో ఇరుపక్షాలూ చేసినవి ఏవీ తిరగదోడకూడదు, ఇల్లు దొరగారికి ఇచ్చింది కూడా అందులోదే, దిద్దితే అది కూడా తిరగదోడినట్టవుతుంది అన్నాడు.

గెర్లిందా గోడ వంక చూసింది. "ఫాదరుగారూ, ఆఖరు రోజున బూర ఊదుతారు కదా. గోడకి ఇవతల ఉన్నవాళ్ళక్కూడా వినపడుతుందా?"

ఎత్సో నెత్తి గోక్కున్నాడు. "అది బిషప్పుగారిని అడగాలమ్మా."

"అడగండి. కానీ దొరగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకునే అడగండి. ఒక్కరినే అడిగితే ఆ బూర ఎవరు ఊదాలని మళ్ళీ మొదలెడతారు."

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. హజేకా కొట్టంలోనే అరువు కాగులో బీరు కాచింది, మా ఊళ్ళో అంతకంటే మంచిది దొరకదు. ఆదివారాలు గోడకు బయటివైపు కూర్చుని పిల్లలకు వారం సంగతులు చెప్పేది, కాస్త గట్టిగా చెప్పేది. ఓ వసంతంలో నాలుగు రోజులు మంచాన పడి పోయింది. గోడ అవతలే పెట్టారు. హజేకా ముందే కొలిచి ఉంచింది. అటు ఎక్బెర్ట్, ఇటు గెర్లిందా, మధ్యలో మూరన్నర మందం రాళ్ళు.

ఆమె పోయిన మూడో ఏడు ఏరు పొంగింది. దక్షిణం గోడ, సరిగ్గా ఎక్బెర్ట్ దగ్గర్నుంచి అటు పన్నెండు అడుగులు ఇటు పన్నెండు అడుగులు, కూలిపోయింది. అది చర్చి గోడ, బిషప్పు కట్టించాలన్నాడు దొర. అది ఊరి హద్దు గోడ, దొర కట్టించాలన్నాడు బిషప్పు. ఉత్తరాలు నడిచాయి. ప్రతినిధులు వచ్చి చూసి పోయారు. వోల్కర్ ముసలివాడయ్యాడు, మెగిన్‌హార్డ్ పోయాడు, కొత్తవాళ్ళు వచ్చి మళ్ళీ మొదట్నుంచి చూసి పోయారు. ఏ పక్షంవాడూ ఒక్క రాయి ముట్టుకోలేదు, ముట్టుకుంటే బాధ్యత ఒప్పుకున్నట్టవుతుందట. కూలిన రాళ్ళను జనం పందుల దొడ్లకు ఎత్తుకుపోయారు. ఇప్పుడక్కడ అటూ ఇటూ కలిసి ఒకే గడ్డి, వరసగా అయిదు దిబ్బలు.

హజేకాకు ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడవు. అయినా ప్రతి ఆదివారం కర్ర ఊతంతో చర్చికి పోయి, దొరా బిషప్పూ ఈ జన్మలో రాజీ పడకూడదని ఒక కొవ్వొత్తి వెలిగించి వస్తుంది.